తాళం లేని వరండా

పోయిన వారం ఖమ్మం కోర్టులో మా జూనియర్ అమ్మాయి ఒక రిపోర్టును కవర్లో పెట్టి, కొవ్వొత్తి మంట మీద లక్క కరిగించి సీలు వేస్తోంది. ఫ్యాను గాలికి మంట నిలవక అవస్థ పడుతోంది. ఆ లక్క కాలే వాసన ముక్కుకు తగలగానే నా చేతిలో ఉన్న కేసు కట్ట పక్కన పెట్టేశాను. "ఊదకు బిడ్డా, చెయ్యి అడ్డం పెట్టు" అని ఎవరో వెనక నుంచి అన్నట్టే అనిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఉండే వీలూ లేదు. ఖాసిం సాబ్ పోయి చాలా ఏళ్ళయింది.

ఆయన వకీలు కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, భద్రాచలం వెళ్ళే దారిలో అడవి అంచున ఉన్న ఒక చిన్న ఊరి కోర్టులో మా సీనియర్ గారికి గుమాస్తా. పిటిషన్లు టైపు చేయడం, వాయిదాలు రాసుకోవడం, వచ్చిన కక్షిదారులను కూర్చోబెట్టి కష్టం వినడం ఆయన పని. పుట్టింది కారేపల్లి దగ్గర. వాళ్ళ నాన్న సంతల్లో ఉప్పూ ఎండుచేపలూ అమ్మేవాడట. ఆ బండి వెంట గూడేలన్నీ తిరిగి కోయభాష నేర్చుకున్నారు. నేనేమో సత్తుపల్లి వైపు నుంచి వచ్చినదాన్ని. మా తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం మాది. మా ఇంట్లో లా చదివిన మొదటి ఆడపిల్లను. నల్లకోటు చేతిమీద వేసుకుని బస్సు దిగితే న్యాయశాస్త్రమంతా నాతోపాటే దిగినట్టు నడిచేదాన్ని. ఆ నడక ఎలా పోయిందో చెప్పాలంటే ఖాసిం సాబ్ గురించి చెప్పాలి.

సీనియర్ గారు వారంలో నాలుగు రోజులు ఖమ్మంలోనే ఉండేవారు. ఆఫీసులో నేనూ, ఆయనా, 'ర' అక్షరం సరిగ్గా పడని ఒక టైపు మిషనూ మిగిలేవాళ్ళం. ఎవరొచ్చినా ఆయన ముందు పేరడిగేవారు కాదు. "తిన్నవా? ఇంటికాడ చెప్పొచ్చినవా?" అనేవారు. అది నాకు చాదస్తంగా ఉండేది. భూమి తగాదా చెప్పుకోవడానికి వచ్చిన మనిషిని ఇంట్లో చెప్పావా అని అడగడం ఏమిటి? ఒకరోజు ఉండబట్టలేక అదే అన్నాను. "మనిషి ఏడున్నడో ఇంటోళ్ళకు ఎరుక ఉండాలె బిడ్డా. ఆమె గాడ ఎదురుచూస్తుంటది, ఈన గీడ మనతోని ముచ్చట పెడుతుంటడు" అన్నారు. వచ్చినవాళ్ళలో సగం మంది చెప్పకుండానే వచ్చేవాళ్ళు. వాళ్ళ ఊరికి వెళ్ళే ఆటో డ్రైవరు ద్వారా కబురు పంపించేదాకా ఆయనకు పని తోచేది కాదు.

ఒక మే నెల మధ్యాహ్నం శిక్షాస్మృతి పుస్తకం ముందేసుకుని కుస్తీ పడుతున్నాను. మనిషిని అక్రమంగా అడ్డగించడం ఒక నేరం, అక్రమంగా నిర్బంధించడం ఇంకో నేరం. రెండింటికీ తేడా ఎంత చదివినా బుర్రకెక్కడం లేదు. నిర్బంధం అంటే గదిలో పెట్టి తాళం వేయడమేనా? తలుపు తీసి ఉంటే అది నిర్బంధమెలా అవుతుంది? పైకే చదువుతూ విసుక్కుంటుంటే ఖాసిం సాబ్ మిషను ఆపి, "నీ చెప్పులు గిట్లియ్యి" అన్నారు. ఇచ్చాను. వాటిని సొరుగులో పెట్టి తాళం వేసి, మళ్ళీ టైపు చేసుకుంటూ, "ఇగ ఇంటికి పో బిడ్డా. తలుపు తెరిచే ఉన్నది" అన్నారు. బయట అశ్వారావుపేట మిల్లుకు పామాయిల్ గెలలు మోసే లారీలు పోతున్నాయి, రోడ్డు మీద తారు మెత్తబడి మెరుస్తోంది. పౌరుషానికి పోయి మెట్టు దిగాను. నాలుగో అడుగుకే గెంతుకుంటూ వెనక్కి వచ్చి పడ్డాను.

ఆయన నవ్వలేదు. "ఎవలన్న ఆపిన్రా?" అన్నారు.

"లేదు."

"మరి పోయినవా?"

"పోలేదు."

"గంతే. నీ పుస్తకంల ఉన్నది గదే" అని చెప్పులు తీసి ఇచ్చారు. అర్థమైందనుకున్నాను. నోటుబుక్కులో చక్కగా రాసుకున్నాను కూడా. రాసుకున్నంత మాత్రాన వచ్చేస్తే ఇంకేం కావాలి.

ఆ వానాకాలంలో జోగమ్మ అనే కోయ ఆడమనిషి మా కోర్టులో పిటిషన్ వేసింది. ఆమె భర్త కుంజా లచ్చయ్య పన్నెండు రోజులుగా పోలీసు స్టేషన్లో ఉన్నాడు, కోర్టుకు చూపించలేదు అని. స్టేషన్ పేరు ఇక్కడ రాయను, రాయాల్సిన అవసరం లేదు. పోలీసులు ఎవరినైనా పట్టుకుంటే ఇరవైనాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నిలబెట్టకపోతే ఆ మనిషిని వెతికి తీసుకురమ్మని మెజిస్ట్రేటు వారెంటు ఇవ్వవచ్చు. మా వైపు కోర్టుల్లో ఆ పని ఒక వకీలుకు అప్పగించేవారు. ఆ వకీలును కమిషనర్ అంటారు. వారెంటు పట్టుకుని స్టేషన్లోకి వెళ్ళి, లాకప్ చూసి, డైరీ చూసి, మనిషి దొరికితే వెంట తీసుకురావాలి. మాట వినడానికి దర్జాగా ఉంటుంది. అవి ఎలాంటి రోజులంటే, అడవిలోంచి వచ్చే అన్నలకు అన్నం పెట్టారని పోలీసులు పట్టుకుపోయేవాళ్ళు, పోలీసులకు కబురు చెప్పారని అన్నలు నిలదీసేవాళ్ళు. లెక్కలో చూపించకుండా స్టేషన్లో ఉన్న మనిషి తర్వాత ఏ కేసులో తేలతాడో, అసలు తేలతాడో లేదో ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. జోగమ్మ భయం అదే. లచ్చయ్య మీద పోలీసుల అనుమానమూ ఆ అన్నం గురించే. పెట్టాడో లేదో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

ఆ ఉదయం మా బార్‌లో అందరికీ ఒకేసారి ఒంట్లో నలతగా ఉంది. ఒకరికి బీపీ, ఒకరింట్లో తద్దినం, ఇంకొకరు ఉన్నట్టుండి కోర్టు హాల్లోనే కనిపించకుండా పోయారు. మెజిస్ట్రేటు గారి చూపు నా మీద ఆగింది. "మీరు వెళ్తారా అమ్మా?" అన్నారు. క్లాసులో చెయ్యెత్తే పిల్లలా లేచి నిలబడ్డాను. అది శుక్రవారం. ఖాసిం సాబ్ నమాజుకు వెళ్ళారు. ఆయన వచ్చేదాకా ఆగితే కబురు స్టేషన్‌కు ముందే చేరిపోతుందని ఆటో మాట్లాడుకుని ఒక్కదాన్నే బయలుదేరాను. అంత తెలివి ఉంది నాకు. అసలు కావాల్సిన తెలివి వేరే.

స్టేషన్ చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర ఇసుక బస్తాలు. వరండాలో ఒక బక్కపలచని మనిషి చీపురుతో ఊడుస్తున్నాడు. నన్ను చూసి పక్కకు తప్పుకున్నాడు. ఎస్సై కుర్రవాడే, మర్యాదస్తుడు. వారెంటు చూసి మొహం మాడ్చుకోలేదు. "మంచిగ చూసుకోండి మేడమ్" అని తనే దారి చూపించాడు. లాకప్ ఖాళీగా ఉంది, తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఏవో గోనె సంచులున్నాయి. జనరల్ డైరీలో లచ్చయ్య పేరు ఎక్కడా లేదు. "మరి లచ్చయ్య ఎక్కడ?" అంటే, ఎస్సై వరండాలో ఊడుస్తున్న మనిషిని చూపించాడు. "ఈయననే. నేనేమన్న కట్టేసిన్నా మేడమ్? మేం తినేదే తింటుండు, వరండాల పంటుండు. గేటు గూడ తీసే ఉంటది."

నేను తయారుగా వెళ్ళింది దెబ్బలు తిన్న మనిషిని చూడటానికి, ఇనుప ఊచల వెనక మనిషిని చూడటానికి. చేతిలో చీపురు పట్టుకుని ఎదురుగా నిలబడ్డ మనిషిని ఏం చేయాలో నాకు పాలుపోలేదు. ఎస్సై పక్కనే ఉండగా అడిగాను.

"నిన్ను కొట్టారా?"

"లేదమ్మా."

"లాకప్‌లో పెట్టారా?"

"లేదమ్మా."

"మరి పన్నెండు రోజులుగా ఇక్కడెందుకున్నావు?"

"పటేల్ కూసోబెట్టిండు. కూసున్న."

పటేల్ అంటే వాళ్ళ ఊరి పెద్ద. ఆయన ఎందుకు కూర్చోబెట్టాడు అని అడగాలనిపించలేదు. "అంటే నీ ఇష్టంతోనే ఉన్నావా?" అన్నాను. అతను కాసేపు ఆలోచించాడు. నా నల్లకోటు వైపు చూశాడు, ఎస్సై బూట్ల వైపు చూశాడు. "అవ్" అన్నాడు. ఆ ఒక్క మాట దొరికేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. రిపోర్టు రాసి సంతకాలు తీసుకుని, ఎస్సై ఇవ్వబోయిన టీ వద్దని బెట్టుగా చెప్పి ఆటో ఎక్కాను. ఆటో తిరుగుతున్నప్పుడు చూస్తే లచ్చయ్య చీపురు గోడకు ఆనించి నా వెనకాలే నాలుగడుగులు వేశాడు. వరండా చివర మెట్టు దగ్గర ఆగిపోయాడు. అది కళ్ళారా చూశాను. రిపోర్టులో రాయలేదు.

ఆ సాయంత్రం రిపోర్టు కవర్‌కు సీలు వేసింది ఖాసిం సాబే. మంటకు చెయ్యి అడ్డం పెట్టి లక్క తిప్పుతూ, "గాయన నీ వెంబడి ఎందుకు రాలే బిడ్డా?" అన్నారు.

"తన ఇష్టంతోనే ఉన్నాడు సాబ్."

"ఇష్టం అని ఆయనన్నడా, నువ్వన్నవా?"

నాకు ఒళ్ళు మండింది. "కమిషనర్‌ని నేను, మీరు కాదు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.  ఆయన చేతిలో లక్క వంకరగా పడింది, చెరిపి మళ్ళీ వేశారు.

రిపోర్టు చదివి మెజిస్ట్రేటు గారు పిటిషన్ కొట్టేశారు. ఆ తర్వాత మూడో రోజు పోలీసులు లచ్చయ్యను కోర్టుకు తెచ్చారు. ముందురోజు సాయంత్రం అడవి అంచున పారిపోతుంటే పట్టుకున్నామని, నిషేధం ఉన్నవాళ్ళకు సాయం చేశాడని కాగితాలు పెట్టారు. అంటే లెక్క ప్రకారం ఇరవైనాలుగు గంటలు దాటలేదు. మెజిస్ట్రేటు గారు మంచి మనిషి. కళ్ళద్దాలు తీసి నేరుగా అతన్నే అడిగారు. "నిన్ను ఎప్పుడు పట్టుకున్నారు?"

"పట్టుకోలే సార్. పటేల్ కూసోబెట్టిండు."

"ఎక్కడ?"

"టేషన్ల."

"పోలీసులు బలవంతంగా ఉంచారా?"

లచ్చయ్య మళ్ళీ ఆలోచించాడు. అబద్ధం చెప్పడం ఇష్టం లేని మనిషి పడే అవస్థ అది. "తాళం ఎయ్యలే సార్" అన్నాడు. మెజిస్ట్రేటు గారు ఫైలు వెనక్కి తిప్పారు. అందులో నా రిపోర్టు ఉంది, 'సదరు వ్యక్తి తన ఇష్టంతో స్టేషన్ వరండాలో ఉంటున్నాడు' అని నా చక్కటి దస్తూరీలో. ఆయన ఒకసారి నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉందో, సందేహం ఉందో నాకు అర్థం కాలేదు. పద్నాలుగు రోజుల రిమాండు రాశారు. లచ్చయ్య నిజమే చెప్పాడు, నేనూ అబద్ధం రాయలేదు, మెజిస్ట్రేటు గారూ ఉన్న కాగితాలను బట్టే నడుచుకున్నారు. అయినా ఒక మనిషి జైలుకు పోయాడు. తప్పు ఎక్కడ జరిగిందో ఎంత ఆలోచించినా నాకు చిక్కలేదు.

కోర్టు వరండాలో జోగమ్మ నేలమీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఖాసిం సాబ్ ఆమె పక్కనే గొంతుక్కూర్చుని కోయభాషలో చాలాసేపు మాట్లాడారు. నేను దూరంగా స్తంభం చాటున నిలబడ్డాను, ఎదురుపడే ధైర్యం లేక. తర్వాత ఆయన వచ్చి సంగతి చెప్పారు.

వాళ్ళ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉందట. ఒకప్పుడు ఎవరో ఒకరి కోసం బయటివాళ్ళు వచ్చి, ఆ మనిషి దొరక్కపోతే ఊరందరినీ కొట్టిపోయేవాళ్ళట. అందుకని, బయటినుంచి ఎవరి కోసమైనా అడిగితే పటేలే ఆ మనిషిని వెంటబెట్టుకుపోయి అప్పగిస్తాడు. 'నేనొచ్చి తీస్కపోయేదాంక కూసో' అంటాడు. పటేల్ వచ్చి లేవమనేదాకా ఆ మనిషి లేవకూడదు. మధ్యలో లేచి వచ్చేస్తే ఆ పాపం ఊరంతటికీ చుట్టుకుంటుంది. అలా ఊరి కోసం కూర్చున్నాడు లచ్చయ్య. ఎవరూ తాళం వేయనక్కరలేదు.

"గట్లయితే ఆయన ఇష్టమే గదా సాబ్?" అన్నాను, ఏదో ఒకటి పట్టుకుని ఒడ్డున పడాలని. కంగారులో నా నోట ఆయన యాసే వచ్చేసింది.

"పటేల్ మూడుసార్లు పోయిండు బిడ్డా. నాలుగోనాడు పోయిండు, ఎనిమిదోనాడు పోయిండు, నువ్వు పోయిన ముందటినాడు గూడ పోయిండు. పిలగాన్ని తీస్కపోతా సార్ అన్నడు. ఇంకో రెండు దినాలు ఉండనియ్యి అని ఎస్సై మూడుసార్లూ తిప్పి పంపిండు. గీ ముచ్చట గాడ ఎవలూ అడగలే."

ఎవరూ అంటే నేనే. ఆయన నా పేరు ఎత్తలేదు గానీ అడగాల్సింది నేనొక్కదాన్నే. లాకప్ తాళం చూశాను, డైరీ చూశాను, ఒంటిమీద దెబ్బలున్నాయేమో చూశాను. తీసుకుపోవడానికి వచ్చిన మనిషిని తిప్పి పంపారా అని అడగలేదు. నాతో ఇప్పుడు ఇంటికి వస్తావా అని అడగలేదు. నేను అడగకుండా వెళ్ళిపోయానని కాక, నల్లకోటు వేసుకున్నవాళ్ళు కూడా కూర్చోమన్నారని అతను అనుకుని ఉంటాడు. మెట్టు దగ్గర ఆగిపోయిన ఆ కాళ్ళు కళ్ళముందు కదిలాయి.

"ఇప్పుడేం చేయాలి?" అన్నాను.

"ఇంకో రిపోర్టు రాయాలె."

"మొదటిది తప్పని నేనే రాయాలా?"

"తప్పని రాయకు. నువ్వు అబద్ధమేం రాయలే. అడగంది రాయలే. గదే రాయి."

సీనియర్ గారితో చెబితే ఫోనులోనే మండిపడ్డారు. "నీ రిపోర్టు మీద నువ్వే బురద చల్లుకుంటావా? రేపటినుంచి ఏ కోర్టయినా నీకు కమిషన్ ఇస్తుందా? పోలీసులతో మనకు రోజూ పని. పెళ్ళి కావాల్సిన పిల్లవు, ఇంట్లో వాళ్ళకేమని చెప్పుకుంటావు?" అన్నారు. ఆయన మాటల్లోనూ న్యాయం ఉన్నట్టే తోచింది. రెండు రోజులు తెల్లకాగితం ముందేసుకుని కూర్చున్నాను. రాస్తే నా పేరు పోతుంది. రాయకపోతే లచ్చయ్య ఎన్నాళ్ళుంటాడో తెలియదు. రాసినా అతను బయటికి వస్తాడని నమ్మకమేమీ లేదు. ఇన్ని తెలియకపోవడాల మధ్య ఒక నిర్ణయం తీసుకోమంటే ఎలా? ఖాసిం సాబ్‌ను అదే అడిగాను. ఆయన నాకు ధైర్యం చెబుతారనుకున్నాను. "నాకు గూడ తెల్వదు బిడ్డా" అన్నారు. అంత పెద్దమనిషి తెలియదనడం నాకు మొదట గుబులు పుట్టించింది, ఆ తర్వాత ఎందుకో కాస్త ఊరటగానూ ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం నేను చెబుతుంటే ఆయన టైపు చేశారు. 'అప్పటి పరిస్థితుల దృష్ట్యా' అని మొదలుపెట్టాను. మిషను ఆగింది.

"ఏ పరిస్థితి? వాన గొట్టిందా?"

ఆ మాట తీసేశాను. 'అవగాహనాలోపం వల్ల' అన్నాను. మళ్ళీ ఆగింది. ఆయన కళ్ళద్దాల మీదుగా నన్ను చూస్తూ కూర్చున్నారు. అలా నాలుగుసార్లు ఆగాక నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను. 'ఎస్సై పక్కన ఉండగా అడిగాను. ఇంటికి వస్తావా అని అడగలేదు. పటేల్‌ను తిప్పి పంపిన సంగతి కనుక్కోలేదు. నేను బయలుదేరుతుంటే అతను నా వెనకాల నాలుగడుగులు వచ్చి ఆగిపోయాడు. ఇష్టంతో అన్న మాట అతనిది కాదు, నాది.' ఈసారి మిషను ఎక్కడా ఆగలేదు. మొత్తం అరపేజీ కూడా రాలేదు. నా జీవితంలో నేను రాసిన కాగితాల్లో మంచిది అదేననుకుంటాను.

మెజిస్ట్రేటు గారు దాన్ని చాలాసేపు చదివారు. "ఇది ఏ సెక్షన్ కింద వేశారమ్మా?" అన్నారు.

"తెలియదు సార్."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. "ఫైల్లో ఉంచండి" అన్నారు. లచ్చయ్య తరఫు వకీలు దాని నకలు తీసుకుని పై కోర్టులో బెయిలు పిటిషన్‌కు జత చేశారు. రెండు నెలలు దాటాక బెయిలొచ్చింది. నా కాగితం వల్ల వచ్చిందా, వచ్చే వేళకు వచ్చిందా అని ఉత్తర్వు రెండుసార్లు చదివాను. అరెస్టు తేదీ మీద సందేహం ఉందని ఒక వాక్యం ఉంది. అది నా వల్లనే అనుకోవాలని ఎంత ఆశో, అనుకోవడానికి అంత భయం. ఏమైతేనేం, మనిషి ఇల్లు చేరాడు. సీనియర్ గారు మాత్రం ఆరునెలలు నాతో ముక్తసరిగా మాట్లాడారు. నాకు మరో కమిషన్ రావడానికి రెండేళ్ళు పట్టింది.

కథ ఇక్కడితో ఐపోతే బాగానే ఉండేది. బెయిలులో ఒక షరతు ఉంది. ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు అదే స్టేషన్‌కు వెళ్ళి సంతకం పెట్టాలి. మామూలు షరతే, అన్ని ఉత్తర్వుల్లోనూ ఉండేదే. రెండు నెలల తర్వాత జోగమ్మ మా ఆఫీసుకు వచ్చింది. "తిన్నవా? ఇంటికాడ చెప్పొచ్చినవా?" అని ఖాసిం సాబ్ ఎప్పటిలాగే అడిగారు. ఇంట్లో చెప్పడానికి ఎవరున్నారు, ఆయన స్టేషన్లో ఉన్నాడు కదా అంది.  మళ్ళీ పట్టుకుపోయారా అని లేచి నిలబడ్డాను.

"పట్టుకపోలేదమ్మా. ఆదివారం పొద్దుగాల పోతడు, పొద్దుగూకినంక వస్తడు. చేను పని ఆగిపోతుంది. అడిగితే ఏం చెప్పడు."

ఆ రోజు ఆదివారమే. వాయిదాలేమీ లేవని ఫైళ్ళు సర్దుకోవడానికి వచ్చాం. ఖాసిం సాబ్‌కు అప్పటికే ఆయాసం. అయినా మాతో ఆటో ఎక్కారు. వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడయింది. లచ్చయ్య వరండాలో గోడకు ఆనుకుని, మోకాళ్ళు చేతులతో చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. పది గంటలకే సంతకం పెట్టాడట. రిజిస్టరులో చూశాను, ఎనిమిది ఆదివారాలు, ఎనిమిది వేలిముద్రలు. ఎస్సై మారాడు. కొత్తాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇక్కడ పనిచేసే మనిషేమో అనుకున్నా మేడమ్. రోజంతా ఉంటే నీళ్ళూ గీళ్ళూ తెస్తుండె" అన్నాడు.

"నిన్ను ఎవలు కూసోమన్నరు లచ్చయ్యా?" అని ఖాసిం సాబ్ అడిగారు.

"ఎవలు కూసోమనలే."

"మరి?"

"ఎవలు పొమ్మనలే."

ఖాసిం సాబ్ నా వైపు తిరిగారు. ఆయాసంతో మాట గట్టిగా రావడం లేదు. "పటేల్ ఈడికి రాడు బిడ్డా. కోర్టు పంపింది గదా, పటేల్ కాదు. నువ్వే చెప్పు" అన్నారు. ఏం చెప్పాలో తెలియక చట్టం ఎత్తుకున్నాను. సంతకం చేస్తే షరతు పూర్తయినట్టే, ఆ తర్వాత నువ్వు స్వేచ్ఛగా వెళ్ళవచ్చు అన్నాను. లచ్చయ్య మర్యాదగా విన్నాడు, కదల్లేదు. ఎస్సై కూడా "పోరాదు, ఎవరాపిన్రు?" అన్నాడు. దానికీ కదల్లేదు. చివరికి వెళ్ళి అతని ఎదురుగా నేలమీద కూర్చున్నాను. "ఆ రోజు నిన్ను ఇక్కడ వదిలేసి పోయింది నేనే. ఇప్పుడు తీసుకుపోవడానికి వచ్చాను. లే" అన్నాను. అతను నా మొహంలోకి చూశాడు. చెయ్యి నేలకు ఆనించి లేచాడు. జోగమ్మ అప్పుడు ఏడ్చింది.

ఆ చలికాలం చివర ఖాసిం సాబ్ కారేపల్లిలోనే పోయారు. కేసు మరో మూడేళ్ళు సాగింది, చివరికి కొట్టేశారు. నేను ఖమ్మం వచ్చేశాను. నా జుట్టు నెరిసింది, నిర్బంధం మీద కొత్త వకీళ్ళకు పాఠాలు కూడా చెబుతున్నాను. ఇరవైనాలుగు గంటలనీ, ఇంట్లోవాళ్ళకు తెలియజేయాలనీ, వకీలును కలవనివ్వాలనీ వరసగా చెబుతాను. చెబుతూనే, అవన్నీ ఉన్నా ఆ వరండాలో ఏమైందో తలుచుకుని మధ్యలో తడబడతాను. వినే పిల్లలు నా వయసు వల్ల అనుకుంటారు. లచ్చయ్య అక్కడ ఉన్న రోజుల్లో ఎన్ని నిర్బంధం, ఎన్ని కట్టుబాటు అని ఎవరైనా నిలదీస్తే ఈరోజుకీ నా దగ్గర జవాబు లేదు. ఖాసిం సాబ్ ఉంటే ఆయన దగ్గరా ఉండేది కాదేమో.

ఒక్క పని మాత్రం మానలేదు. నేను వేసే ప్రతి బెయిలు పిటిషన్లో, స్టేషన్‌కు వెళ్ళి సంతకం పెట్టే షరతు పక్కన 'సంతకం చేసిన వెంటనే వెళ్ళిపోవచ్చు' అని ఒక వాక్యం చేరుస్తాను. కొందరు జడ్జీలు ఉంచుతారు, కొందరు కొట్టేస్తారు. పోయిన వారం ఒక కొత్త జడ్జి గారు ఆ వాక్యం కింద పెన్ను పెట్టి, నవ్వుతూ, "ఇది కూడా రాయాలా అమ్మా? సంతకం పెట్టాక వెళ్ళిపోక ఇంకేం చేస్తాడు?" అన్నారు.

"కూర్చుంటాడు సార్" అన్నాను.